భాండారములోని పాత ప్యాకేజీలు: తొలగింపు విషయమై ఒక సమీక్ష

లినక్స్ డిస్ట్రిబ్యూషన్ల భాండారములలో ఏండ్ల తరబడి మార్పు లేక నిలిచియున్న, మూలరచయితలు సైతము విడిచిపెట్టిన ప్యాకేజీలను తొలగింపవలెనా, లేక వానిని కోరువాడు ఒక్కడున్నను నిలుపవలెనా అను వివాదము ఆ వ్యవస్థలను నిర్మించు సాంకేతికుల నడుమ చిరకాలముగా సాగుచున్నది. ఇది వారి ఇంటి తగవని తలచి ఊరకుండుటకు మనకు వీలు లేదు. గుణదల మొదలుకొని గవర్నరుపేట వరకు డీటీపీ కేంద్రములును, అచ్చు కార్యాలయములును, ప్రచురణసంస్థలును విస్తరించిన విజయవాడ నగరమున, తెలుగు పుస్తకము నేడు కంప్యూటరుపైననే పుట్టుచున్నది గావున, ఏ సాఫ్ట్‌వేర్ నిలుచును, ఏది పోవును అను నిర్ణయము, మన వ్రాతలలో ఎంత భాగము రేపటివారికి చదువ వీలగును అను ప్రశ్నతో పెనవేసికొని యున్నది. ఈ వివాదమునందలి పక్షములను, వానికాధారములగు ఉదాహరణములను, వానితోపాటు తెలుగువారి అనుభవమును ఒకచోట సమకూర్చి, అందుండి ఒక నిర్ణయమునకు వచ్చుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మొదట విషయస్వరూపము. లినక్స్ అనునది నిజమునకు వ్యవస్థ గర్భమునందలి కెర్నెల్ మాత్రమే. దానిచుట్టును వేలకొలది ప్రోగ్రాములను చేర్చి, అవి పరస్పరము పొసగునట్లు కూర్చి, పరీక్షించి, దోషములు సవరించి, ప్రజల కందించు సమష్టికృషికి డిస్ట్రిబ్యూషన్ అని పేరు. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించిన డెబియన్ వీనిలో మిక్కిలి పాతవానిలో ఒకటి. ఉబుంటు దానిపై ఆధారపడినది. మన దేశమున సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ సైతము ఆ పునాదిపై లేచినదే. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకిని మెయింటెయినర్ అని వ్యవహరింపబడు పోషకుడొకడో, పోషకబృందమొకటియో ఉండును. పోషకుడు ఆ ప్రోగ్రామును రచించినవాడు కానక్కర లేదు. రచయిత యెక్కడనో వ్రాసిన దానిని తెచ్చి, తక్కిన వ్యవస్థకు అనువుగా తీర్చి, వినియోగించువారు పంపు ఫిర్యాదులను విచారించి, భద్రతాలోపము బయటపడినపుడు దానిని పూడ్చుట అతని కర్తవ్యము. వీరిలో అత్యధికులు జీతము లేక పనిచేయువారు. కావున ఒకనికి ఉద్యోగము మారవచ్చును, ఆసక్తి తగ్గవచ్చును, ఆయువే తీరవచ్చును. అపుడు ప్యాకేజీ అనాథ యగును. పాత ప్యాకేజీల సమస్య యంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

తొలగింపు అపూర్వమైన ఘటన కాదని డెబియన్ వారి విడుదల ప్రకటనలే చెప్పుచున్నవి. 2021 ఆగస్టు 14న వెలువడిన బుల్‌సై సంచికలో మొత్తము 59,551 ప్యాకేజీలుండగా, కాలము చెల్లినవని తొలగింపబడినవి 9,519కి పైగా నున్నవి. 2023 జూన్ 10న వచ్చిన బుక్‌వర్మ్‌లో మొత్తము 64,419, తొలగినవి 6,296. 2025 ఆగస్టు 9న వచ్చిన ట్రిక్సీలో మొత్తము 69,830, తొలగినవి 8,840. అనగా మూడు విడుదలలలో 24,600కు మించిన ప్యాకేజీలు పోయినను, భాండారము క్షీణింపక పెరుగుచునే యున్నది. ఈ సంఖ్యను చూచి భయపడుటకు ముందు ఒక విషయమును గ్రహింపవలెను: పోయినవానిలో అనేకములు క్రొత్త సంచికకు తావిచ్చి తప్పుకొన్న లైబ్రరీలును, పేరు మార్చుకొన్న ప్యాకేజీలును మాత్రమే. ప్రత్యామ్నాయము లేక నిజముగా అంతరించినవి కొలదిపాటివి. వివాదము ఆ కొలదిపాటివానిని గూర్చియే.

తొలగించు పద్ధతి డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి మారుచుండును. డెబియన్‌లో పోషకుడు విడిచిన ప్యాకేజీని అనాథల జాబితాలో చేర్చి, నాణ్యతాబృందము తాత్కాలికముగా సాకుచుండును. విడుదలకు ఆటంకమగునంతటి తీవ్రదోషము కనబడి, దానిని దిద్దువాడు లేనియెడల, ముందుగా హెచ్చరించి, రాబోవు విడుదలకు సిద్ధమగుచున్న పరీక్షాశాఖనుండి దానిని యంత్రమే తప్పించును. అంతటితోను ఎవరును ముందుకు రానిచో, కారణము చూపి, భాండారాధికారులకు వినతి పంపి, పూర్తిగా తొలగింపజేయుదురు. ఫెడోరాలో ఆరు వారములు అనాథగా నున్న ప్యాకేజీ విశ్రాంతి పుచ్చుకొనవలసినదే. జెంటూవారు దానికి అంత్యక్రియల ప్రకటన యొకటి చేసి, కనీసము ముప్పది దినములు గడువిచ్చి, ఆపై తుడిచివేయుదురు. ఆర్చ్‌లో ప్రధానభాండారమునుండి వెలువడిన ప్యాకేజీకి, వినియోగించువారే నడుపుకొను వేరొక భాండారమున ఆశ్రయము దొరకుట కద్దు. పద్ధతులు భిన్నములైనను అన్నిటియందును ఒక మర్యాద కనబడుచున్నది: సామాన్యముగా విచారణ లేక, ప్రకటన లేక, గడువు లేక ఏ ప్యాకేజీయు పోదు.

ఇక తొలగింపును కోరువారి వాదములు. వానిలో ప్రధానమైనది భద్రత. డెబియన్ స్థిరసంచికలో ఒక ప్యాకేజీని చేర్చుట యనగా, మూడేండ్లపాటు సాధారణముగను, మరి రెండేండ్లు దీర్ఘకాలిక సంరక్షణ పేరిటను, దానిలో బయటపడు లోపములను పూడ్చెదమని మాట యిచ్చుటయే. రచయిత విడిచి, పోషకుడు విడిచిన ప్రోగ్రాము విషయమున ఆ మాటను నిలువబెట్టువాడెవడు? మాట మాత్రము ప్రకటనలో నుండి, చేత శూన్యమైనపుడు, ఆ ప్యాకేజీ లేకుండుటకంటె ఉండుటయే వినియోగించువానికి ప్రమాదకరము. ఏలయన, డెబియన్‌లో నున్నది గదా, ఎవరో చూచుచునే యుందురు గదా అని అతడు నమ్మియుండును.

రెండవ వాదము పరస్పరాశ్రయమును గూర్చినది. ప్యాకేజీ యేదియు ఒంటరిగా నుండదు. అది లైబ్రరీలను ఆశ్రయించును, లైబ్రరీలు మరికొన్నిటిని ఆశ్రయించును. క్యూటీ 4 అను లైబ్రరీ చరిత్రము దీనికి చక్కని నిదర్శనము. 2015 డిసెంబరుతో దాని నిర్మాతలు సంరక్షణమును విరమించినను, దానిపై ఆధారపడిన పాత ప్రోగ్రాములు కొన్ని కదలనందున, డెబియన్ 2019 నాటి బస్టర్ విడుదలవరకు దానిని మోయవలసి వచ్చెను. బుల్‌సై నాటికి దానిని తొలగించిరి. ఈ తొలగింపువలన తెలుగువానికి లాభమే కలిగినదనుట ఇచ్చట గమనింపదగినది. పుస్తకముల పుటలు కూర్చుటకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ప్రసిద్ధమైన స్క్రైబస్ యొక్క 1.4 శ్రేణి ఆ క్యూటీ 4పై ఆధారపడినదే. అది తెలుగువంటి సంక్లిష్ట లిపులను సరిగా కూర్చజాలదు. 2017లో వచ్చిన 1.5.3తో స్క్రైబస్‌కు ఆ శక్తి లభించినది. క్యూటీ 4 పోవుటతో 1.4 శ్రేణియు పోయి, 1.5 శ్రేణి దాని స్థానము నాక్రమించినది. తుదకు 2024 ఆరంభమున స్థిరమైన 1.6 వెలువడినది. పాతదానిని పట్టుకొని వ్రేలాడియున్నచో, భాండారమునుండి స్క్రైబస్‌ను తెచ్చుకొన్న తెలుగువాడు వత్తులు విడిపోయిన పుటను చూచి, లినక్స్‌లో తెలుగు పుస్తకము కూర్చుట అసాధ్యమని నిశ్చయించుకొని, మరలిపోవుచునే యుండెడివాడు.

మూడవ వాదము, తొలగింపు భయమే సంస్కరణమునకు ప్రేరకమగుననుట. పైథాన్ భాష మూడవ తరము 2008లో వచ్చినను, రెండవ తరమునకు మొదట 2015 అనియు, పిదప 2020 జనవరి 1 అనియు గడువు పెట్టవలసి వచ్చెను. గడువు దాటినదనుకొన్న తరువాతగాని అనేక ప్రోగ్రాములు మేల్కొనలేదు. ఈ-పుస్తకములను ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చు కాలిబర్, 2020 సెప్టెంబరున వెలువరించిన ఐదవ సంచికతో మూడవ తరమునకు మారెను. డెబియన్ బుల్‌సైలో రెండవ తరము పైథాన్‌ను పరిమితప్రయోజనమునకు మాత్రము నిలిపి, బుక్‌వర్మ్‌లో పూర్తిగా తీసివేసిరి. పండ్రెండు సంవత్సరముల ఓరిమికి సాధ్యపడని పనిని గడువు సాధించినదని తొలగింపు పక్షమువారు చెప్పుదురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు.

ప్రతిపక్షము వాదములును తేలికైనవి కావు. పాతది యనగా చెడినది యని యర్థము కాదనుట వానిలో మొదటిది. డోనాల్డ్ నూత్ రచించిన టెక్, గణితగ్రంథముల ముద్రణకు నేటికిని ప్రమాణము. దానికి క్రొత్త సౌకర్యములు చేర్పరాదని ఆయన ఏనాడో నిశ్చయించి, దోషములు దిద్దినప్పుడెల్ల సంచికసంఖ్యకు π (పై) విలువలోని ఒక్కొక్క అంకెను చేర్చుచు వచ్చెను. 2021లో అది 3.141592653 అయినది. ఇట్టిదానికి ఏటేట మార్పు లేదని అనాథగా లెక్కించుట అవివేకము. పూర్తియైన పనికిని, విడిచిపెట్టిన పనికిని గల భేదమును కాలపట్టిక చెప్పలేదు.

క్రొత్తది యెల్ల క్షేమము కాదనుట రెండవది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను సాంకేతికుడు, దూరకంప్యూటరులోనికి ప్రవేశించుటకు పట్టుచున్న కాలమున అరసెకను జాప్యమును శంకించి శోధింపగా, ఎక్స్‌జెడ్ అను సంకోచన ప్రోగ్రామునందలి 5.6.0, 5.6.1 సంచికలలో దొంగదారి యొకటి అమర్పబడియున్నట్లు బయటపడెను. చిత్రమేమనగా, సరిక్రొత్త సంచికలను పుచ్చుకొన్న డెబియన్ పరీక్షాశాఖలు ఆ విషమును లోనికి గ్రహించెను; పాత సంచికనే పట్టుకొన్న స్థిరశాఖకు అది సోకలేదు. అయితే ఈ ఉదాహరణము ప్రతిపక్షమువారనుకొన్నంతగా వారికి తోడ్పడదు. ఆ దొంగదారిని నాటినవాడు, అలసియున్న ఏకైకపోషకుని చెంతకు సహాయకుని వేషమున చేరినవాడు. కావున ఇది నేర్పునది పాతదనపు ఘనతను కాదు. పోషకులు చాలని ప్యాకేజీ, పాతదైనను క్రొత్తదైనను, అపాయములో నున్నదే యని.

మూడవది లెక్కల విశ్వసనీయతను గూర్చినది. ఒక ప్యాకేజీని ఎందరు వాడుచున్నారో తెలిసికొనుటకు డెబియన్‌లో పాప్‌కాన్ అను ఏర్పాటు కలదు. అది వినియోగించువాడు స్వయముగా సమ్మతించినపుడు మాత్రమే లెక్క పంపును; ఇంటర్నెట్ లేని కంప్యూటరునుండి ఏ లెక్కయు పోదు. ఐరోపాలోని ప్రోగ్రామరు వాడు పనిముట్టు ఆ లెక్కలో కనబడును. గుణదలలో ఒక సందునందలి డీటీపీ గదిలో నిత్యము తెలుగు కూర్చు కంప్యూటరు అందు కనబడకపోవచ్చును. చిన్నభాషల పనిముట్లకు సహజముగనే వాడుకరులు తక్కువ. ఉన్నవారును లెక్కకు రానివారు. వాడుకరుల సంఖ్యనే ప్రమాణముగా గైకొన్నచో, మొదట పోవునవి ఇట్టి భాషల పనిముట్లే యగును.

నాలుగవది పాత యంత్రములను గూర్చినది. 2019 జూన్ 18న ఉబుంటువారు 32 బిట్ల ప్యాకేజీలను ఇక నిర్మింపబోమని ప్రకటింపగా, ఆటలవారును, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌పై నడుపు వైన్ వారును తీవ్రముగా అభ్యంతరము చెప్పిరి; వారము తిరుగక మునుపే ఉబుంటు తగ్గి, ఎన్నికచేసిన కొన్నిటిని నిలుపుటకు అంగీకరించెను. డెబియన్ మరి కొంతకాలము వేచి, 2025 నాటి ట్రిక్సీతో 32 బిట్ల ఇంటెల్ యంత్రములను పూర్తి స్థాయి శాఖగా పోషించుట మానెను. ఇపుడా శాఖ 64 బిట్ల యంత్రములపై పాత ప్రోగ్రాములను నడుపుకొనుటకు మాత్రమే ఉద్దేశింపబడినది. దీని వెనుక కాలగణనమున కొక కారణము గూడ కలదు. 32 బిట్లలో కాలమును లెక్కించు పద్ధతి 2038 జనవరి 19తో పొంగిపొరలును. ట్రిక్సీలో తక్కిన శాఖలన్నియు 64 బిట్ల కాలగణనమునకు మారగా, పాత ప్రోగ్రాములతో పొత్తు చెడకుండుటకై ఈ శాఖ నొక్కదానిని మార్పక విడిచిరి. మారినచో పాత ప్రోగ్రాములు నడువవు. మారనిచో 2038 దాటవు. ఇట్టి యిరకాటమున శాఖను కుదించుట న్యాయమే. అయినను, దాతలిచ్చిన పాత పెంటియం యంత్రములతో పిల్లలకు కంప్యూటరు నేర్పు గ్రామపాఠశాలకు ఈ న్యాయము చేయునది అన్యాయమే యని యొప్పుకొనవలెను.

ఇక తెలుగువారి ప్రత్యేకానుభవమునకు వత్తము. యూనికోడ్ తొలి సంచిక 1991లో వచ్చి తెలుగు లిపికి చోటు కల్పించినను, మన ముద్రణరంగము దానిని చాలకాలము దరిజేరనీయలేదు. ‘అను’ అను పేరుగల ఫాంట్లు, పుటలు కూర్చు అడోబీ పేజ్‌మేకర్ జంట మన డీటీపీ గదులలో ఏకచ్ఛత్రముగా నేలినది. ఈ ఫాంట్ల రహస్యమేమనగా, ఆంగ్లాక్షరములకు కేటాయించిన స్థానములలోనే మన తలకట్టు, గుడి, కొమ్ము, వత్తుల తునకలను ఉంచి, తెరపైనను కాగితముపైనను తెలుగువలె భాసింపజేయుట. ఫాంటు ఉన్నంతవరకు అది తెలుగు. ఫాంటు లేని మరుక్షణము అర్థము లేని ఆంగ్లాక్షరముల పోగు. పేజ్‌మేకర్ చివరి సంచిక 7.0 వెలువడినది 2001లో. అటుపిమ్మట అడోబీ తన దృష్టినంతయు ఇన్‌డిజైన్ వైపు మరల్చినది. పేజ్‌మేకర్‌ను నిలుపుమని కోరుటకు గాని, స్వయముగా పోషించుటకు గాని మనవారికి అధికారము లేదు; మూలము మన చేతిలో లేదు. అందువలన పాత పుస్తకముల పునర్ముద్రణకై పాత విండోస్‌తో గూడ ఒక పాత కంప్యూటరును పదిలపరచుకొను పనివారు నేటికిని కనబడుదురు. లినక్స్ లోకమున తొలగింపును గూర్చి వాదించుటకైన వీలున్నది. ఇచ్చట ఆ వీలును లేదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో సైతము మనకు నష్టము లేకపోలేదు. 2003 డిసెంబరున తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున, పద్మ అను పనిముట్టును రచించెను. వార్తాపత్రికలు తమ తమ సొంత ఫాంట్లతో ప్రచురించిన పుటలను, ఫైర్‌ఫాక్స్‌లో చేరియుండి, అది యూనికోడ్‌లోనికి మార్చి చూపెడిది. 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57, పాత పద్ధతి యాడాన్లను ఒక్కసారిగా త్రోసిపుచ్చెను; ఆ పాత పద్ధతిలో రచింపబడిన పద్మయు వానితోపాటు నిలిచిపోయెను. ఫైర్‌ఫాక్స్ వారి నిర్ణయమునకు భద్రత, వేగము అను బలమైన కారణములున్నవి. పత్రికలును అప్పటికి యూనికోడ్ బాట పట్టుచుండెను గావున నిత్యావసరమును తగ్గినది. కాని భద్రపరచిన నాటి పుటలను నేడు చదువగోరు పరిశోధకునికి, పద్మవంటి పరివర్తకము ఒకటి కావలసినదే. ప్రోగ్రాము పాతబడుట వేరు, దానితో చదువవలసిన సామగ్రి పాతబడుట వేరు. రెండవది సాహిత్యవిషయమున ఎన్నడును సంభవింపదు.

దీనికి భిన్నముగా, సుఖాంతమైన కథలును కలవు. లినక్స్‌లో తెలుగు టైపు చేయుటకు మొదట స్కిమ్ అను యంత్రాంగము వాడుకలో నుండెను. అది కుంటుపడగా 2008 ప్రాంతమున ఐబస్ తలయెత్తి దాని స్థానమును గ్రహించెను. యంత్రాంగము మారినను మన కీబోర్డులు పోలేదు. ఏలయన, జపానులో పుట్టిన ఎం17ఎన్ అను ప్రణాళిక, కీబోర్డుల అమరికలను ఏ యంత్రాంగమునకును కట్టివేయక, సామాన్యమైన పాఠ్యరూపమున విడిగా భద్రపరచినది. ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, మఱియు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్.టి.ఎస్. అమరికలు నేటికిని అందు కలవు. డీటీపీ గదిలో ఆపిల్ కీబోర్డుకు వ్రేళ్లు అలవడిన టైపిస్టు, లినక్స్‌కు వచ్చినను మొదటినుండి నేర్చుకొనవలసిన పని లేదు. పాత అమరికను నిలుపుటవలననే పాత ప్రోగ్రామును విడుచుట సులభమైనది.

ఫాంట్ల విషయమును ఇట్టిదే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి స్వేచ్ఛగా విడిచిన పోతన2000, వేమన2000 ఫాంట్లు డెబియన్‌లో ప్యాకేజీల పేర్లు మారినను నిలిచియేయున్నవి. సిలికానాంధ్ర వెలువరించిన ఫాంట్లు తెలుగువిజయము పేరిట వేరొక ప్యాకేజీగా చేరినవి. వానిలో నొకటి మన కృష్ణాజిల్లావాడైన మండలి వెంకటకృష్ణారావు పేర మండలి యని వ్యవహరింపబడుచున్నది. ఫాంటునకు భద్రతాలోపముల బెడద తక్కువ, ఆశ్రయములు తక్కువ, స్థలము తక్కువ. అందుచే ఫాంట్లను వయస్సును బట్టి తొలగించుటకు కారణమేదియు లేదు.

ఒక భాండారమునందలి నిర్ణయము ఎంతదూరము ప్రాకునో కృష్ణా డెల్టావాడు సులభముగా గ్రహింపగలడు. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట 1952లో తెగినపుడు, దానినే అతుకులువేసి శాశ్వతముగా నమ్ముకొనక, ఎగువను నూతనముగా నిర్మించి, 1957లో ప్రకాశం బ్యారేజిని ప్రారంభించిరి. అయితే గుణదల మీదుగా పోవు ఏలూరు కాలువ మొదలగు కాలువలును, వానిపై బ్రదుకు శివారు పొలములును ఆ మార్పువలన దిక్కులేనివి కాలేదు. తల మారినను పారుదల నిలిచినది. డెబియన్ అట్టి తల. అచ్చట ఒక ప్యాకేజీ ఆగినచో ఉబుంటులో ఆగును, బాస్‌లో ఆగును, వానిపై ఆధారపడిన చిన్నచిన్న డిస్ట్రిబ్యూషన్లలోను ఆగును. 2005లో వెలువడిన ‘స్వేచ్ఛ’ అను డిస్ట్రిబ్యూషన్ మొదలగు తెలుగు ప్రయత్నములు ఇట్టి శివారునందున్నవే. శివారువాని గోడు తలవద్ద వినబడుట కష్టము గావున, తలుపు దింపుటకు ముందు శివారును విచారించుట తలవద్దనున్నవాని ధర్మము.

మధ్యేమార్గములును ఇపుడు పెక్కు ఏర్పడినవి. తొలగింపబడిన ప్యాకేజీ నిశ్శేషముగా నశింపదు: డెబియన్ పాత విడుదలలన్నియు ఆర్కైవు సర్వరులో కలవు, 2005 నుండి దినదినము భాండారముండిన తీరును స్నాప్‌షాట్ అను సేవ భద్రపరచుచున్నది, 2016లో ఫ్రాన్సుదేశపు ఇన్రియా సంస్థ ప్రారంభించిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ లోకమునందలి మూలరచనలను సేకరించుచున్నది. పాత డెబియన్‌ను వర్చువల్ యంత్రమునందో, కంటైనరునందో, ఇంటర్నెట్ తగులకుండ నిలిపి, అందు పాత ప్రోగ్రామును నడుపుకొనవచ్చును. ఇవి యుండగా తొలగింపునకు వగచుటయేల యని కొందరందురు. ఆ మాట సాంకేతికునికి చెల్లును. పుటలు కూర్చు పనివానికిని, పాఠశాల ఉపాధ్యాయునికిని చెల్లదు. స్నాప్‌షాట్‌లో తేదీ వెదకి, ఆశ్రయములతో సహా తెచ్చి, కంటైనరు కట్టుట వారి పని కాదు. పురావస్తుశాలలో నున్న పనిముట్టుతో పొలము దున్నలేము గదా. ఆర్కైవు ఉండుట తొలగింపును క్షమింపదగినదిగా చేయును. అంతమాత్రమున దానిని నష్టరహితముగా చేయదు.

ఇన్ని పక్షములను తూచి చూడగా నాకు తోచిన నిర్ణయమిది. ప్యాకేజీ వయస్సు తొలగింపునకు కారణము కారాదు. పోషకుడు లేకుండుట కారణము కావచ్చును. పోషకుడు లేకున్నను, అది యింకొకదానికి అడ్డుపడనిదై, ఇంటర్నెట్‌తో గాని పరాయి ఫైళ్లతో గాని వ్యవహరింపనిదై యున్నచో, ఫాంట్లవలె, కీబోర్డు అమరికలవలె, నిలుపుటలో దోషము లేదు. అడ్డుపడునదియు, అపాయకరమైనదియు నైనచో, క్యూటీ 4వలె, రెండవ తరము పైథాన్‌వలె, గడువు పెట్టి తొలగించుటయే మేలు. జాలిపడి నిలుపుట జాలి కాదు. అయితే, ఒక భాషలో వ్రాయబడిన సామగ్రికి ఆ ప్యాకేజీ యొక్కటే ద్వారమైయున్నపుడు మాత్రము, ఆ సామగ్రిని చదువగల వేరొక పనిముట్టో, కనీసము పరివర్తకమో సిద్ధమగువరకు దానిని తొలగింపరాదు. ఈ కడపటి నియమము నేడు ఏ డిస్ట్రిబ్యూషన్ శాసనములలోను స్పష్టముగా నాకు కనబడలేదు. వాడుకరుల సంఖ్యకంటె, దోషముల సంఖ్యకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న, ఇది పోయిన యెడల ఏ వ్రాత చదువరానిదగును అనుట.

నియమమును కోరువాడు భారమును గూడ మోయవలెను. పరాయి దేశముల వాలంటీర్లు మన పనిముట్లను మనకొరకు కాపాడుచుండవలెనని ఆశించుట మర్యాద కాదు. 1953లో స్థాపితమైన ఆంధ్ర లొయోలా కళాశాల గుణదల చెంతనున్నది. 1977లో నెలకొల్పబడిన సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల కానూరున నున్నది. వీనిలోను, ఇట్టి తక్కిన విద్యాలయములలోను కంప్యూటరు చదువు విద్యార్థులు వేలకొలదిగా నున్నారు. వారిలో కొందరు కూడి, డెబియన్ అనాథల జాబితాను చూచి, తెలుగునకు సంబంధించిన ప్యాకేజీ యొక్కదానిని దత్తత తీసికొన్నను, ప్రతి విడుదలకు ముందు తెలుగు ఫాంట్లను, కీబోర్డులను పరీక్షించి దోషములను తెలియజేసినను, మన శివారు గోడు తలవద్ద తప్పక వినబడును. ప్రచురణకర్తలు చేయవలసిన పని అంతకంటె సులభము, అంతకంటె అత్యవసరము: పాత ఫాంట్లలో చిక్కుకొనియున్న తమ పుస్తకముల ఫైళ్లను, వానిని తెరువగల కంప్యూటరు ఇంకను పనిచేయుచుండగనే, యూనికోడ్‌లోనికి మార్చి, అక్షరదోషములు సరిచూచి, రెండుచోట్ల దాచుకొనవలెను. ఆ పని ముగిసిన దినమున పాత సాఫ్ట్‌వేర్‌ను నిశ్చింతగా సాగనంపవచ్చును. ముగియనంతకాలము దానిని తొలగింపుడనువారికి మనము చెప్పవలసిన సమాధానము, కొంచెము ఆగుడనియే.